మామునూరుకు రన్‌వే వస్తది సరే, విమానం రాని రోజు సంగతేంది?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయానాన్ని నియంత్రించే సంస్థ డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గారికి,

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాలలో రోజూ విమాన టికెట్లు బుక్ చేసేవాళ్లం, అవి రద్దయినప్పుడు రిఫండు కోసం కంపెనీల చుట్టూ తిరిగేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మంత్రి గారు తెలుగువారే కాబట్టి ఇంగ్లిష్‌లో రాసే తంటా పెట్టుకోలేదు. డీజీసీఏ వారికి ఎవరైనా చదివి చెబుతారని ఆశ.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుచుకుంటుందంటే సంతోషించేవాళ్లలో మేమూ ఉన్నాం. 1930లో నిజాం కట్టించిన ఎయిర్‌పోర్టు 1981లో మూతపడింది. ఆ తర్వాత శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం షరతు ఏళ్ల తరబడి అడ్డం పడింది. శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థ తనకు అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి 28న మీ శాఖ అనుమతి వచ్చింది. 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. అప్పటి నుంచి మా షాపులకొచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు "మామునూరు నుంచి ఢిల్లీకి టికెట్ ఎంతుంటది?" అని అడుగుతున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నవ్వుకోవచ్చు గానీ ఆ ప్రశ్నను ఇప్పుడే వేసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఎందుకంటే రన్‌వే సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు. దాని మీద ఏ కంపెనీ, ఎంత విమానంతో, ఎన్నేళ్లు తిరగాలి, తిరగని రోజున ప్రయాణికుడికి ఏం దక్కాలి అన్నవి మాత్రం కాగితం మీద రాసుకోవాల్సిన సంగతులు. కంపెనీ వచ్చి ఒక్క విమానం నడపడం మొదలుపెట్టాక కొత్త షరతులు పెడితే "అయితే మానేస్తాం" అంటుంది. అందుకే బిడ్లు పిలవకముందే ఇవన్నీ తేల్చాలి.

చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం అనుభవం కళ్లముందే ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులను ప్రధాని ప్రారంభించారు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు, సగం సీట్లు ఆ రేటుకే, నష్టం పూడ్చడానికి మూడేళ్ల పాటు ప్రభుత్వ సాయం, ఆ మూడేళ్లూ ఆ రూటు ఒక్క కంపెనీకే. ఆ రెండు రూట్లూ తిప్పిన ట్రూజెట్ మన హైదరాబాద్ కంపెనీయే. 2022 ఫిబ్రవరిలో దాని విమానాలు నేల మీదే ఆగిపోయాయి. ఇది ఒక్క కంపెనీ కథ అయితే వదిలేయొచ్చు. 2023 ఆగస్టులో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. సాయం ఆగిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే వందలో ఏడు. మామునూరు ఆ ఏడులో ఉండాలంటే ఏం చేయాలన్నదే అసలు లెక్క.

చిన్న ఎయిర్‌పోర్టులో విమానం ఎందుకు రద్దవుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూద్దాం. మొదటిది పొద్దటి మంచు. డిసెంబర్, జనవరిలో వరంగల్ చుట్టూ చెరువుల మీద తెల్లారేసరికి మంచు కమ్ముతుంది. దిగడానికి దారి చూపే పరికరాలు లేని ఎయిర్‌పోర్టులో పైలట్ కంటిచూపు మీదే దిగాలి, దానికి 5 కిలోమీటర్ల వరకు కనబడాలి. అదే రేడియో సిగ్నళ్లతో రన్‌వే దారి చూపే ఐఎల్ఎస్ పెడితే, మొదటి తరగతి ఐఎల్ఎస్ అయినా సరే, 800 మీటర్లు కనబడితే చాలు. "ముందు విమానాలు రానివ్వండి, ఐఎల్ఎస్ తర్వాత పెడదాం" అన్నారంటే ప్రతి చలికాలం పొద్దటి సర్వీసు దేవుడి మీద భారమే. రన్‌వే లైట్లూ అంతే. లైట్లు లేకపోతే సాయంత్రం ఆలస్యమైన విమానం ఇక రాదు.

రెండోది ఎండ. మే నెలలో మాకు 44, 45 డిగ్రీలు మామూలే. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. ఇప్పుడున్న రన్‌వే 2 కిలోమీటర్ల లోపే. ఏటీఆర్‌కు, అంటే ఫ్యాన్ల చిన్న విమానానికి, అది సరిపోతుంది. ఎయిర్‌బస్ 320 మధ్యాహ్నం రెండింటికి నిండు లోడుతో లేవాలంటే చాలదు. అలాంటప్పుడు కంపెనీ కొన్ని సీట్లు అమ్మకుండా ఆపుతుంది, లేదా బ్యాగులు దింపి తర్వాతి విమానంలో పంపుతుంది. దీనికి తోడు ఎయిర్‌పోర్టులో ఇంధనం నింపే ఏర్పాటు లేకపోతే విమానం తిరుగు ప్రయాణానికి కావలసిన ఇంధనం కూడా మోసుకుని రావాలి. ఆ బరువు మేరకు మళ్లీ మనుషులు తగ్గాలి. అందుకే రన్‌వే పొడవుతో పాటు ఇంధన ట్యాంకులు కూడా మొదటి దశలోనే ఉండాలని అడుగుతున్నాం. ఎండాకాలం టైమింగులు పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఉండేలా చూడాలని కూడా.

మూడోది జనం చూడనిది: వాచ్ అవర్స్. చిన్న ఎయిర్‌పోర్టులో టవర్ సిబ్బంది, ఫైర్ సిబ్బంది రోజులో కొన్ని గంటలే డ్యూటీలో ఉంటారు. ఏటీఆర్ ఒకటి రోజుకు ఆరేడు ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున బెంగళూరులో 40 నిమిషాలు లేటైతే సాయంత్రానికి అది రెండు గంటలవుతుంది. అప్పటికి మన టవర్ మూసేస్తారు. కంపెనీ కాగితం మీద "ఆపరేషనల్ కారణాలు" అని రాస్తుంది. కంపెనీ ఎయిర్‌పోర్టును చూపిస్తుంది, ఎయిర్‌పోర్టు కంపెనీని చూపిస్తుంది, తిలా పాపం తలా పిడికెడు. ప్రయాణికుడికి రావాల్సిన పరిహారం ఆ సందులో పోతుంది. ఆఖరి సర్వీసు షెడ్యూల్ టైము తర్వాత కనీసం రెండు గంటలు టవర్, ఫైర్ టెండర్ సిద్ధంగా ఉండాలన్న నిబంధన ఒక్కటి పెడితే ఈ రకం రద్దులు చాలావరకు పోతాయి. ఫైర్ కేటగిరీ, అంటే మంటలార్పే ఏర్పాటు స్థాయి, కూడా మొదటే 6కు చేర్చండి. 5 ఉంటే ఏటీఆర్ దిగుతుంది, ఎయిర్‌బస్ 320 దిగదు. ఒక్క ఫైర్ టెండర్ రిపేరుకు పోయినా కేటగిరీ పడిపోతుంది, ఆ రోజు సర్వీసు పోతుంది.

ఇంకో మాట. రాత్రికి విమానం ఇక్కడే ఆగేలా పార్కింగ్ బేలు కట్టండి. రాత్రి మామునూరులో నిద్రపోయిన విమానమే పొద్దున 6 గంటలకు బయల్దేరగలదు. లేకపోతే అది ఎక్కడి నుంచో రావాలి, వచ్చేసరికి 10 అవుతుంది, ఆఫీసు పని మీద బెంగళూరు పోయేవాడికి ఆ పూట వృథా.

మామునూరు–శంషాబాద్ సర్వీసు మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు కారులో మూడు, మూడున్నర గంటలు. విమానంలో గాల్లో ఉండేది అరగంట అయినా గంట ముందు చెక్ఇన్, దిగాక బ్యాగుల కోసం ఎదురుచూపు కలిపితే మిగిలేది పెద్దగా ఏమీ లేదు. పైగా విమానం ఎక్కువ ఇంధనం తాగేది పైకి ఎక్కేటప్పుడే. రెండోనాటికే ఖాళీగా తిరిగే రూటు అది. తిరుపతి, విశాఖ, బెంగళూరు, ముంబై, ఢిల్లీ. మా కౌంటర్ల దగ్గర అడిగేవి ఇవే. ముంబై ముఖ్యంగా: జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లలో అటు మీదుగా పోయేవాళ్లున్నారు.

ఇక పోటీ సంగతి. 1990ల మొదట్లో ప్రైవేటు కంపెనీలకు దారి తెరుచుకున్నాక వచ్చిన కంపెనీల పేర్లు చెప్పుకుంటూ పోతే శ్మశానంలో సమాధుల మీది పేర్లు చదివినట్టుంటుంది: ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, ఎయిర్ డెక్కన్, 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్, 2023 మేలో గో ఫస్ట్. ఎయిర్ ఏషియా ఇండియా, విస్తారా 2024లో ఎయిరిండియా గ్రూపులో కలిసిపోయాయి. ఇప్పుడు ఇండిగో ఒక్కదానికే 60 శాతానికి పైగా వాటా, ఎయిరిండియా గ్రూపుతో కలిపితే సుమారు 90 శాతం. మాకు ఇండిగో మీద కోపమేమీ లేదు. టైముకు నడపడం వల్లే చాలా కాలం జనం దాన్ని ఎంచుకున్నారు. కానీ పది బస్సుల్లో ఆరు ఒకే డిపోవి అయినప్పుడు ఆ డిపోలో డ్రైవర్లు రాకపోతే ఊరు ఊరంతా బస్టాండులో కూర్చోవాలి.

2025 డిసెంబర్‌లో అదే జరిగింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు 2024 జనవరిలోనే వచ్చాయి. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు. మొదటి దశ 2025 జూలై 1న, రెండో దశ నవంబర్ 1న. శీతాకాలం షెడ్యూల్ అక్టోబర్ ఆఖరి ఆదివారం మొదలైంది, అంటే రెండో దశకు ఆరు రోజుల ముందు. పైలట్ల అవసరం పెరుగుతుందని తెలిసి కూడా ఇండిగోకు వేసవి కన్నా సుమారు 6 శాతం ఎక్కువ సర్వీసులకు డీజీసీఏ ఆమోదం ఇచ్చింది. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఇండిగో విమానాలు రద్దయ్యాయి. ఆ తర్వాత షెడ్యూల్‌ను 10 శాతం కోశారు, నిబంధనల నుంచి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు, జరిమానా వేశారు. డీజీసీఏ వారిని అడిగేదొక్కటే: షెడ్యూల్ ఆమోదించే రోజున పైలట్ల లెక్క ఎందుకు అడగలేదు? కెప్టెన్ మానేయాలంటే 12 నెలల నోటీసు, కో-పైలట్‌కు 6 నెలలు అని మీరే 2017లో పెట్టారు. కొత్తవాళ్లను రాత్రికి రాత్రి తెచ్చుకోలేరని మీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లెవరు? ఏ కంపెనీ అయినా సీజన్ షెడ్యూల్‌తో పాటు విమానానికి ఎందరు కెప్టెన్లు, ఎందరు కో-పైలట్లు, ఎందరు స్టాండ్‌బైలో ఉన్నారో ఇవ్వాలి. అది చూసి సరిపడినన్ని సర్వీసులకే సంతకం పెట్టాలి. విశ్రాంతి నిబంధన మాత్రం సడలించకండి. నిద్ర లేని పైలట్ నడిపే విమానం టైముకు దిగినా మాకు వద్దు.

ఆ వారంలో రేట్లు ఎగబాకాక డిసెంబర్ 6న పరిమితి పెట్టారు: 500 కిలోమీటర్ల దాకా 7,500, వెయ్యి దాకా 12,000, 1,500 దాకా 15,000, ఆపైన 18,000. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు దీనికి అదనం. అత్యవసరంలో అది సరైన పనే, కాస్త ఆలస్యమైనా. అయితే ఏడాది పొడుగునా ఇలాంటి పరిమితి ఉండాలనే వాళ్లతో మేం ఏకీభవించం. కోవిడ్ కాలంలో 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 దాకా కింది హద్దు, పై హద్దు రెండూ నడిచాయి. కింది హద్దు వల్ల చవక టికెట్టు అమ్ముదామనుకున్న కంపెనీ కూడా అమ్మలేకపోయింది.

టికెట్టు రేటు ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాం. విమానంలో 186 సీట్లుంటే అవన్నీ ఒకే రేటుకు ఉండవు. కంపెనీ వాటిని పది, పదిహేను గంపలుగా విడదీస్తుంది. కింది గంపలో కొన్నే సీట్లు, అవి అయిపోతే పై గంప తెరుచుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కింది గంపలో 4,200కు రెండు సీట్లే మిగిలాయి, పై గంప రేటు 5,600 అనుకోండి. నలుగురికి కలిపి వెతికితే సిస్టం నలుగురికీ 5,600 చూపిస్తుంది, 22,400. ఇద్దరికి ఒకటి, ఇంకో ఇద్దరికి ఒకటి వేరే బుకింగులు చేస్తే 19,600. తేడా 2,800. అందుకే ముందు ఒక్కరికి వెతికి చూడమని మేం చెబుతాం. కానీ రెండు పీఎన్ఆర్‌లు అయితే విమానం రద్దయినప్పుడు తల్లిదండ్రులను ఒక ఫ్లైటులో, పిల్లలను ఇంకో ఫ్లైటులో పడేసే ప్రమాదముంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్న చిన్న సంగతి ఇది. ఉన్న రెండు చవక సీట్లు ఇద్దరికి, మిగతా ఇద్దరికి పై రేటు వేసి ఒకే పీఎన్ఆర్ ఇవ్వమని మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

రూటువారీగా రేట్ల పట్టిక వెబ్‌సైటులో పెట్టాలని 2010 నుంచే నియమం ఉంది. ఆ పట్టికలో కింది అంకెకూ పై అంకెకూ మధ్య ఎన్నో రెట్ల తేడా ఉన్నప్పుడు దానితో ప్రయాణికుడికి ఒరిగేదేమీ లేదు. మాకు కావలసింది వేరే: విమానం ఎగిరిపోయాక, నెల తిరిగేసరికి, ప్రతి రూటులో ఏ గంపలో ఎన్ని సీట్లు అమ్ముడయ్యాయో బయట పెట్టించండి. పండక్కి కింది గంపలు మొత్తం మూసేశారా, నాలుగైనా అమ్మారా అప్పుడు తెలుస్తుంది. డీజీసీఏలో రేట్లు చూసే విభాగమూ అంకెల మీద మాట్లాడగలుగుతుంది, కాంపిటీషన్ కమిషన్‌కూ ఏదైనా అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఇక పరిహారం. రద్దు గురించి సరైన సమయంలో చెప్పకపోతే, కంపెనీ చేతిలో లేని కారణం కాకపోతే, గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకు 7,500, ఆపైన 10,000. పేపర్లో ఇంతవరకే వేస్తారు. నియమంలో దాని పక్కనే "లేదా బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జి కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది" అని ఉంటుంది. హైదరాబాద్–ఢిల్లీ టికెట్టు నెల ముందు 4,500 బేసిక్ ఫేరుకు కొన్నవాడికి వచ్చేది 10,000 కాదు, 4,500. ఆ డిసెంబర్‌లో అదే రోజు ఇంకో విమానానికి మీరు పెట్టిన గరిష్ఠ పరిమితే 15,000. ముందు జాగ్రత్తగా చవకకు కొన్నవాడే ఎక్కువ నష్టపోతాడు, కంపెనీకి మాత్రం ఆ టికెట్టు రద్దు చేయడమే చవక. "ఏది తక్కువైతే" అన్న చోట "ఏది ఎక్కువైతే" అని మార్చండి. నియమావళిలో ఒక్క మాట మారితే కంపెనీల పైలట్ డ్యూటీ పట్టికలు వాటంతటవే సర్దుకుంటాయి.

"చేతిలో లేని కారణం" అన్నదాన్ని కూడా బిగించండి. పిడుగులు, మంచు, టవర్ ఆదేశాలు ఆ ఖాతాలో వేయండి. పైలట్ లేకపోవడం, ముందు ట్రిప్పు లేటవడం, తెలిసిన ఇంజిన్ లోపం ఆ ఖాతాలో పడకూడదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల లోపంతో పదుల కొద్దీ విమానాలు నెలల తరబడి మూలపడ్డాయి. అది నిజమైన కష్టమే, కానీ లేని విమానానికి టికెట్టు అమ్మడం కష్టం కిందికి రాదు.

మా ప్రాంతం వాళ్లకు ఇంకో బాధ ఉంది. పొద్దున 6 గంటల ఫ్లైటుకు హనుమకొండలో అర్ధరాత్రి దాటగానే కారెక్కాలి. రద్దయిందన్న మెసేజ్ జనగామ దాటాకో, ఘట్‌కేసర్ దగ్గరో వస్తుంది. కారు కిరాయి ఒక్కోసారి టికెట్టు కన్నా ఎక్కువ. అది ఎవరూ ఇవ్వరు. బయల్దేరే టైముకు 12 గంటల లోపు రద్దు చేస్తే ఎయిర్‌పోర్టు దాకా వచ్చిపోయే ఖర్చుకు ఒక స్థిరమైన మొత్తం ఇవ్వాలని కోరుతున్నాం.

మా వైపు తప్పు కూడా చెప్పాలి. బుకింగులో ప్రయాణికుడి ఫోన్ నంబరు బదులు తమ నంబరే వేసే ఏజెంట్లు మాలో ఉన్నారు, కస్టమర్ చేజారతాడన్న భయంతో. రద్దు మెసేజ్ అర్ధరాత్రి ఏజెంటు ఫోనుకు వస్తుంది, ఆయన నిద్రలో ఉంటాడు. సరైన నంబరు ఇవ్వనివాడికి పరిహారం లేదని నియమం, కాబట్టి ప్రయాణికుడు రెండు విధాలా మునుగుతాడు. ప్రయాణికుడి నంబరుకు ఓటీపీ వెళ్తేనే టికెట్టు తెగేలా చేయండి, మాకు అభ్యంతరం లేదు. దాంతో పాటు, ఏజెంటు ద్వారా కొన్న టికెట్టుకైనా రిఫండు బాధ్యత కంపెనీదే అన్న నియమాన్ని గట్టిగా అమలు చేయించండి. నాన్ రిఫండబుల్ టికెట్టు రద్దు చేసుకున్నా యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడుకున్నందుకు వసూలు చేసే ఫీజు), 200 రూపాయల సెక్యూరిటీ ఫీజు, మిగతా పన్నులు తిరిగి రావాలి. వాటిని ఎవరూ అడగరన్న ధీమాతోనే చాలాసార్లు ఇవ్వరు.

ఆన్ టైం లెక్కలు కూడా చూడండి. ప్రతి నెలా మీరు వేసే పట్టికలో పెద్ద నగరాల ఎయిర్‌పోర్టులే ఉంటాయి. విమానం ఒకటి తక్కువైతే కంపెనీ ఢిల్లీ సర్వీసును కాపాడి మామునూరుదాన్ని ఆపుతుంది, ఎందుకంటే మామునూరు లెక్కలో లేదు. షెడ్యూల్ విమానం దిగే ప్రతి ఎయిర్‌పోర్టునూ, 15 నిమిషాల లేటునూ, రద్దునూ విడివిడిగా ఆ పట్టికలో పెట్టండి.

మామునూరు రూట్లను మూడేళ్లు ఒక్క కంపెనీకే రాసివ్వకండి. ఎయిర్‌పోర్టు చార్జీల రాయితీలు ఏవి ఇచ్చినా రెండో కంపెనీకి అదే రోజు నుంచి అవే రాయితీలు దొరకాలి. సాయం డబ్బును సీటు లెక్కన కాకుండా నెలలో నిజంగా నడిపిన సర్వీసుల శాతాన్ని బట్టి ఇవ్వండి: 95 శాతం నడిపితే మొత్తం, 85 లోపు పడిపోతే ఏమీ లేదు. మధ్యలో వదిలేసి పోయే కంపెనీ బ్యాంక్ గ్యారంటీ జప్తయి, ఆ డబ్బు అప్పటికే టికెట్లు కొన్నవాళ్ల రిఫండుకు మొదట పోవాలి.

బిడ్ల ముసాయిదా సిద్ధమైనప్పుడు తెలుగులో కూడా వెబ్‌సైటులో పెట్టి, కనీసం 30 రోజులు గడువు ఇవ్వండి. ఏ క్లాజులో ఏ మాట మార్చాలో పేజీ నంబరుతో సహా రాసి పంపుతాం.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాలలో విమాన టికెట్ల పని చేసేవాళ్లం